చివరి వరుస దాకా

ఆగస్టు 15న గోల్కొండ కోటలో జెండా ఎగిరే వేళకు రాణీమహల్ ఆవరణ జనంతో నిండిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2014 నుంచి స్వాతంత్య్ర దినోత్సవాన్ని ఇక్కడ జరుపుతోంది. ప్రసంగం మొదలవగానే ముందు కుర్చీల్లో ఉన్నవాళ్లకు ముఖ్యమంత్రి ఎదురుగానే కనిపిస్తారు. బారికేడ్ల వెనకాల, పిల్లల్ని భుజాన ఎక్కించుకుని నిలబడ్డవాళ్లకు కనిపించేది తెర, వినిపించేది సౌండ్ బాక్స్. సభ నడిచేది ప్రజల సొమ్ముతో. అందులో చివరి వరుసవాళ్ల వాటా ఆ తెర, ఆ బాక్సే. కాబట్టి ఏర్పాట్ల లెక్క వాళ్ల దగ్గరే మొదలవ్వాలని నా పట్టుదల.

ఎల్ఈడీ తెరను పెట్టెలుగా పేరుస్తారు. ఒక్కో క్యాబినెట్ అరమీటరు చదరం. ‘పీ 3.9’ రకమంటే చుక్కకూ చుక్కకూ మధ్య 3.9 మిల్లీమీటర్లు, క్యాబినెట్‌కు అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కలు. అడ్డంగా 16, నిలువుగా 9 పేరిస్తే 8 మీటర్ల వెడల్పు, నాలుగున్నర మీటర్ల ఎత్తు తెర తయారవుతుంది. నాలుగు మీటర్ల కన్నా దగ్గరికెళ్తే చుక్కలు విడివిడిగా కనబడతాయి. వెనక్కి జరిగేకొద్దీ ముఖం కుదురుకుంటుంది. వంద మీటర్ల అవతల ఉన్నవాళ్లకు మరీ సన్నని చుక్కతో పనిలేదు. వాళ్లకు కావాల్సింది పెద్ద తెర, ఎండను తట్టుకునే వెలుగు. పగటి సభకు 5,000 నిట్‌ల వెలుగిచ్చే అవుట్‌డోర్ తెర ఉండాల్సిందే. పెళ్లి మండపంలో వాడే ఇండోర్ తెరను తెచ్చి నిలబెడితే పది గంటల ఎండకు బొమ్మ వెలవెలబోతుంది.

ఇక గాలి. ఆగస్టులో వానతోపాటు అది కూడా వస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల ఈదురుగాలి చదరపు మీటరుకు 240 న్యూటన్ల ఒత్తిడి పెడుతుంది. పైన చెప్పిన తెర 36 చదరపు మీటర్లు. అంటే దాని మీద పడే తోపుడు దాదాపు 880 కిలోలు! గోల్కొండ రక్షిత కట్టడం కాబట్టి తోచినచోట గుంత తవ్వి, గోడకు మేకు కొట్టి, తెరను మోసే చట్రాన్ని, అంటే ట్రస్‌ను బిగించడం కుదరదు. కాంక్రీటు దిమ్మెలో, నీళ్ల ట్యాంకులో దాని కాళ్ల మీద బరువుగా పెట్టాలి. ఎన్ని పెట్టాలో ఇంజినీరు లెక్కగట్టి సంతకం చేయాలి. ఏ వేగం దాటితే తెర దించేయాలో కాగితం మీద ముందే ఉండాలి. ట్రస్ పైకెక్కే కుర్రాళ్లలో సేఫ్టీ బెల్టు లేనివాళ్లను చూసినప్పుడల్లా నాకు గుండె దడే. ఆ బెల్టు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకూడదు, ఆలస్యమైతే కానివ్వండి.

ధ్వని సంగతి ఇంకా సున్నితం. అది సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. వేదిక నుంచి 60 మీటర్ల దగ్గర రెండో వరుస బాక్సులు పెడితే, వాటిలోంచి మాట 176 మిల్లీసెకన్లు ఆగి బయటికి రావాలి. లేకపోతే వెనకవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. అనుభవమున్న సౌండ్ ఇంజినీరు దానికి మరో పది, పదిహేను మిల్లీసెకన్లు కలుపుతాడు. అప్పుడు మాట పక్కనున్న బాక్సులోంచి కాక వేదిక మీద నుంచే వస్తున్నట్టు చెవి నమ్ముతుంది. బొమ్మకూ ఆలస్యం ఉంటుంది. కెమెరా, స్విచర్, ప్రాసెసర్ దాటేసరికి మూడు ఫ్రేములు పోయాయనుకుందాం. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన అది 120 మిల్లీసెకన్లు. ఆలోపు ధ్వని 41 మీటర్లు వెళ్తుంది. అంటే సరిగ్గా ఆ దూరంలో ఉన్నవాళ్లకు తెర మీది పెదవీ మాటా దానంతటదే కలుస్తాయి!

కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలోని బాలాహిస్సార్‌లో వినిపించేలా కుతుబ్‌షాహీల కాలంలోనే కట్టారు. దూరాన కాపలా ఉన్నవాడి చెవిని లెక్కలోకి తీసుకున్న కట్టడం అది. ఆ రాతి గోడలే ఇప్పటి మైకుకు పరీక్ష పెడతాయి. వేదిక దగ్గర రెండు భారీ బాక్సులు పెట్టి వాల్యూమ్ పెంచితే శబ్దం గోడలకు తగిలి తిరిగొచ్చి మాటలన్నీ కలగాపులగం అవుతాయి. చిన్న బాక్సులు ఎక్కువచోట్ల, తక్కువ వాల్యూమ్‌తో పెట్టాలి.

ముందు రోజు రాత్రి చూడండి, అసలు పని అప్పుడు తెలుస్తుంది. ఒకడు ఖాళీ కుర్చీల మధ్య నడుస్తూ చిట్టచివరి బారికేడ్ దాకా పోతాడు. వాకీటాకీలో అడుగుతారు: “తమ్మీ, మాట క్లియర్‌గ వస్తుందా?” “హలో చెకింగ్ వస్తుందన్నా, ఒకట్లు, రెండ్లు తెలుస్తలేవు.” హలో అందరికీ తెలిసిన మాట, అది వినబడటం లెక్కలోకి రాదు. మైకు దగ్గర పేపరు తెరిచి తెలియని వార్త చదివించి, చివర్లో ఉన్నవాడితో తిరిగి చెప్పించాలి.

కరెంటుకు జంట జనరేటర్లుంటాయి. అయినా ఒకటి ఆగి మరొకటి అందుకునే ఆ కొద్ది సెకన్లకు మిక్సర్‌కూ స్విచర్‌కూ యూపీఎస్ తప్పదు. జాతీయ గీతం 52 సెకన్లు. మధ్యలో సౌండ్ పోతే మళ్లీ మొదలుపెట్టగల కార్యక్రమం కాదది.

వినలేనివాళ్ల సంగతి చాలా సభల్లో ఎవరికీ పట్టదు. సైగల భాష అనువాదకురాలిని పిలిచినా, తెర మూలన తపాలా బిళ్లంత చోటిస్తారు. వేళ్లు కనిపించకపోతే అది అనువాదమే కాదు. తెరలో కనీసం నాలుగో వంతు ఆమెకివ్వాలి, వెనక రంగు ముదురుగా ఉండాలి, వక్త ఎవరైనా ఆ చోటు కదలకూడదు.

సర్కారు సభలకు మినిట్ టు మినిట్ ప్రోగ్రాం తయారవుతుంది. ఎవరు ఎప్పుడు దిగాలి, ఎక్కడ నిలబడాలి అన్నీ అందులో ఉంటాయి. చివరి బారికేడ్ దగ్గర మైకు, తెర సరిచూసే సమయానికీ అందులో ఒక వరుస ఉండాలి. సరిచూసిన అధికారి పేరు దాని పక్కనే రాయాలి. వచ్చే టెండర్ పిలిచేటప్పుడు సైగల భాషకు తెరలో ఎంత చోటో, గాలికి ఆగేలా ట్రస్ కాళ్ల మీద ఎంత బరువు పెట్టాలో కూడా షరతుల్లో చేర్చాలి. బిల్లు పాసయ్యేది వాటిని చూశాకే కావాలి.