కూలికి రేటు, సంఘానికి ఇల్లు: అమెరికా నల్లజాతి సంగీతకారుల సంఘాలు చెప్పే పాఠం

అణగారిన జనం చేతిలోని వాద్యాన్ని సమాజం వింతగా చూస్తుంది. వాయిస్తుంటే చప్పట్లు కొడుతుంది, కూలి అడిగితే మొహం తిప్పుకుంటుంది. "అది వాళ్ల రక్తంలోనే ఉంది" అనే మాట పొగడ్తలా వినిపిస్తుంది గానీ, నేర్చిన విద్యనూ పడ్డ శ్రమనూ లెక్కలోంచి తీసేస్తుంది. అమెరికాలో నల్లజాతి సంగీతకారులు ఈ మాటకు సంఘం పెట్టుకుని జవాబిచ్చారు. కులం, శ్రమ, కళల గురించి ఆలోచించే ఎవరికైనా ఆ చరిత్ర పనికొస్తుందని మేము అనుకుంటున్నాం.

క్లెఫ్ క్లబ్: వాయించడమూ పనే

20వ శతాబ్దం తొలి ఏళ్లలో న్యూయార్క్ హోటళ్లలో, ధనికుల విందుల్లో నల్లజాతి వాద్యకారులకు మంచి గిరాకీ ఉండేది. కానీ చాలాచోట్ల వాళ్లను వేరే పనికి పెట్టుకుని, ఆ పనితో పాటు వాయించమనేవారు. సంగీతానికి విడిగా కూలి లేదు. అతిథులు ఇచ్చే టిప్పులే దిక్కు.

1910లో సంగీత దర్శకుడు జేమ్స్ రీస్ యూరప్, ఆయన తోటివారు కలిసి క్లెఫ్ క్లబ్ స్థాపించారు. కార్మిక సంఘం, పని కుదిర్చే ఆఫీసు, నలుగురూ కలుసుకునే చోటు మూడూ అదే. వాద్యకారులు కావాలంటే క్లబ్‌కు కబురు పెట్టాలి. కూలి ముందే ఖరారు చేసుకోవాలి. దూరం వెళ్లాల్సి వస్తే ప్రయాణ ఖర్చు, తిండి, బస పిలిచినవాళ్లే చూసుకోవాలి. వాయించడానికి వచ్చిన మనిషి చేత మరో చాకిరీ చేయించకూడదు.

1912 మే 2న క్లబ్ ఆర్కెస్ట్రా కార్నెగీ హాల్‌లో కచేరీ చేసింది. వందమందికి పైగా వాద్యకారులు వేదిక ఎక్కారు. హార్లెంలో నల్లజాతి వారికి సంగీతం నేర్పే బడికి నిధుల కోసం ఆ కచేరీ పెట్టారు. వచ్చిన పేరును తరువాతి తరం చదువుకు మళ్లించడం కూడా పరస్పర సహాయంలో భాగమే.

వేరు శాఖలు

1896లో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యూజిషియన్స్ ఏర్పడింది. ఊరూరా దాని స్థానిక శాఖలకు నంబర్లు ఉంటాయి. చాలా నగరాల్లో తెల్లవారి శాఖలు నల్లవారిని చేర్చుకునేవి కావు. దాంతో నల్లజాతి సంగీతకారులు తమ శాఖలు తాము పెట్టుకున్నారు. చికాగోలో 1902లో 208వ శాఖ, కాన్సాస్ సిటీలో 1917లో 627వ శాఖ అలా వచ్చాయి.

ఇవి వెలివేతలోంచి పుట్టినవే. రేడియో, పెద్ద థియేటర్ల వంటి మంచి పనులు ఎక్కువగా తెల్లవారి శాఖల చేతిలోనే ఉండిపోయాయి. అయినా తమ శాఖలో నాయకులు తమవాళ్లే, ఓటు తమదే, చందా డబ్బు మీద నిర్ణయం తమదే.

కాన్సాస్ సిటీ శాఖ 1930 ప్రాంతంలో హైలాండ్ అవెన్యూలోని 1823 నంబరు ఇంటిని తన కార్యాలయం చేసుకుంది. అక్కడ పని దొరికేది, కబుర్లు తెలిసేవి, రిహార్సల్స్ జరిగేవి. రాత్రి కచేరీలు ముగిశాక వాద్యకారులు మళ్లీ అక్కడే చేరి తెల్లవారేదాకా వాయించేవారు. కుర్రాళ్లు పెద్దల పక్కన నిలబడి నేర్చుకునేవారు. కౌంట్ బేసీ, చార్లీ పార్కర్ ఈ శాఖ సభ్యులే. 1940లో పియానో కళాకారుడు పీట్ జాన్సన్ రికార్డు చేసిన ఒక బాణీకి ఈ శాఖ నంబరే పేరైంది.

విలీనంలో మిగిలేది ఎవరికి?

వేరుగా ఉండటం ఎంతకాలం? లాస్ ఏంజెలస్‌లో బడ్డీ కొలెట్, చార్లెస్ మింగస్ వంటి వారు విలీనం కోసం పోరాడారు. 1953లో అక్కడి నల్లవారి 767వ శాఖ, తెల్లవారి 47వ శాఖ ఒకటయ్యాయి. స్టూడియో పనులకు తలుపు తెరుచుకోవాలన్నది వారి వాదన. అది న్యాయమైనదే. 1964 పౌరహక్కుల చట్టం తర్వాత మిగతాచోట్లా విలీనాలు వేగం పుంజుకున్నాయి. చికాగోలో 1966లో, కాన్సాస్ సిటీలో 1970లో శాఖలు కలిశాయి.

అయితే కలిసిన సంఘంలో నల్లవారు మైనారిటీ. పదవులెవరికి, నిధి ఎవరి చేతికి, భవనం ఎవరి పేరున అనే ప్రశ్నలు ప్రతిచోటా వచ్చాయి. కాన్సాస్ సిటీ వారు తమ ఇంటిని మాత్రం వదులుకోలేదు. మ్యూచువల్ మ్యూజిషియన్స్ ఫౌండేషన్ పేరుతో దాన్ని నిలబెట్టుకున్నారు. 1981లో దానికి జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది.

మన డప్పు దగ్గరికి

మన ఊళ్లలో చావుకు, జాతరకు, చాటింపుకు డప్పు కొట్టడం మాదిగల కులబాధ్యతగా, వెట్టిగా సాగింది. కొట్టమన్నందుకు సాంఘిక బహిష్కరణకు గురైన కుటుంబాలున్నాయి. అదే డప్పును 1994లో మొదలైన దండోరా ఉద్యమం ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తిపట్టింది. చిహ్నానికి గౌరవం వచ్చింది గానీ, డప్పు కళాకారుడికి అందే కూలి చాలాచోట్ల ఇంకా పిలిచినవాళ్ల దయ మీదే ఉంది.

కాబట్టి కళాకారుల సంఘాలతో పనిచేసే మిత్రులు మూడు ప్రశ్నలతో మొదలుపెట్టాలని మా సూచన. సంఘం ఖరారు చేసిన రేటు ఉందా? దానికంటే తక్కువకు ఎవరూ వెళ్లకూడదనే కట్టుబాటు ఉందా? రేపు పెద్ద సంస్థతోనో, ప్రభుత్వ పథకంతోనో కలిస్తే, చందా నిధి మీద, సంఘం ఇంటి మీద సంతకం ఎవరిది? విలీన పత్రం మీద సంతకం చేశాక ఈ మూడో ప్రశ్న అడిగితే ప్రయోజనం ఉండదు.