ఆగిపోయిన చోటే తలుపు

ఓపెన్ సోర్స్‌లో మనమూ ఏదైనా చేద్దామని ఉత్సాహంగా ఒక ప్రాజెక్టు సైటు తెరుస్తాం. "అందరికీ స్వాగతం" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం ఉండదు. కాసేపు వెతికి, ఇది మనవల్ల కాదులే అనుకుని మూసేస్తాం. అలా వెళ్లిపోయినవాళ్లు ఎందరో ఆ ప్రాజెక్టువాళ్లకి ఎప్పటికీ తెలీదు.

పైథాన్‌లో రాసిన జాంగోనే చూడండి. మొదటిసారి కోడ్ ఇచ్చేవాళ్ల కోసమే దాని డాక్యుమెంటేషన్‌లో ఒక పాఠం ఉంది. అందులో మనం రాసేది 'టోస్ట్' అనే మాటని తిరిగిచ్చే బుల్లి ఫంక్షన్. జాంగోకి దాంతో పనేమీ లేదు! కానీ కోడ్ దించుకోవడం, టెస్టులు రాసి నడపడం, మార్పును కమిట్ చేయడం అన్నీ ఒకసారి చేతికి అలవాటవుతాయి. సగం భయం అక్కడే పోతుంది.

రేపు మీ ప్రాజెక్టుని గిట్‌హబ్‌లో పెడితే మొదటి పేజీలోనే మూడు సంగతులు చెప్పండి: ఇది ఎందుకు పనికొస్తుంది, మన కంప్యూటర్‌లో ఎలా నడపాలి, కొత్తవాళ్లు ఇవాళే చేయగల చిన్న పని ఏది. 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అనే లేబుల్ ఉన్నది ఆ మూడోదాని కోసమే.

తర్వాత ఒక జూనియర్‌ని పిలిచి ఆ పేజీ చూపించి, పక్కనే నోరు మెదపకుండా కూర్చోండి. తను ఎక్కడ ఆగిపోతే అక్కడ సరిదిద్దాల్సింది పేజీని, జూనియర్‌ని కాదు.