వెల్ష్ భాషకు ఒక ఛానల్

బ్రిటన్ అనగానే మనకు ఇంగ్లీషు భాష గుర్తుకు వస్తుంది. కాని ఆ ద్వీపంలో ఇంగ్లీషు అడుగుపెట్టక ముందు జనం మాట్లాడిన భాష నుంచి పుట్టిన వెల్ష్ నేటికీ బతికి ఉంది. బ్రిటన్‌కు పడమటి వైపున ఉన్న వేల్స్ దాని పుట్టినిల్లు.

పుట్టినింట్లోనే ఆ భాషకు కష్టకాలం వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి అనేక బడులలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో ఒక కొయ్యముక్క వేలాడదీసి శిక్షించేవారు. బొగ్గు గనులలో పని కోసం ఇంగ్లీషు మాట్లాడేవారు ఎందరో వచ్చి స్థిరపడ్డారు. 1901లో వేల్స్ జనాభాలో దాదాపు సగం మందికి వెల్ష్ వచ్చు. 1981 నాటికి అది నూటికి పందొమ్మిదికి పడిపోయింది.

టెలివిజన్ ఇంటింటికీ వచ్చాక మరో చిక్కు ఏర్పడింది. 1970లలో బ్రిటన్‌లో ఉన్నవి మూడే ఛానళ్లు. రెండు బీబీసీవి, ఒకటి ఐటీవీ. వెల్ష్ కార్యక్రమాలను వాటి మధ్యనే, తరచుగా జనం అంతగా చూడని వేళల్లో ఇరికించేవారు. అవి వెల్ష్ వారికి చాలలేదు. వెల్ష్ రానివారికేమో, తాము చూడవలసిన ఇంగ్లీషు కార్యక్రమాలు పోతున్నాయని కోపం. కొందరు తమ ఏంటెన్నాలను ఇంగ్లండు ప్రసార కేంద్రాల వైపు తిప్పుకున్నారు. రాబోయే నాలుగో ఛానల్‌ను వేల్స్‌లో వెల్ష్ భాషకు ఇస్తే ఇరుపక్షాల సమస్యా తీరుతుందని చాలామంది భావించారు.

1979 ఎన్నికలలో గెలిచిన కన్సర్వేటివ్ పార్టీ ఆ మేరకు మాట ఇచ్చింది. కాని కొద్ది నెలలకే, ఆ సెప్టెంబరులో, హోం మంత్రి విలియం వైట్‌లా ఆ ఆలోచనను విరమించుకుంటున్నట్లు ప్రకటించాడు. వేల్స్‌లో నిరసన చెలరేగింది. ఎందరో టెలివిజన్ లైసెన్సు రుసుము కట్టబోమన్నారు. కొందరు జైలుకు వెళ్లారు. గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు, ప్రభుత్వం మాట నిలుపుకోకపోతే 1980 అక్టోబరు 6 నుంచి ఆమరణ నిరాహారదీక్ష చేస్తానని ప్రకటించాడు. ఆయన శాంతివాది. 1966లో ప్లైడ్ కమ్రి పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికైన మొదటి సభ్యుడు. దీక్ష ఆరంభం కాకముందే, సెప్టెంబరు 17న ప్రభుత్వం దిగివచ్చింది.

ఆ విధంగా 1982 నవంబరు 1న 'ఎస్ ఫోర్ సి' ప్రసారాలు మొదలయ్యాయి. వెల్ష్ భాషలో దాని పూర్తి పేరుకు 'వేల్స్ నాలుగో ఛానల్' అని అర్థం. మిగిలిన బ్రిటన్‌లో ఛానల్ ఫోర్ ఆ మరునాడు ఆరంభమైంది. ఎస్ ఫోర్ సి ఉచిత ప్రసార ఛానల్. అంటే దీన్ని చూడడానికి నెలనెలా చందా కట్టనక్కరలేదు. మొదట్లో వారానికి సుమారు 22 గంటలు వెల్ష్ కార్యక్రమాలు వచ్చేవి. వాటికి జనం ఎక్కువగా చూసే సాయంకాలపు వేళలు దక్కాయి. తక్కిన సమయంలో ఛానల్ ఫోర్ ఇంగ్లీషు కార్యక్రమాలు ప్రసారమయ్యేవి.

ఈ ఛానల్ చాలా కార్యక్రమాలను తానే తయారుచేయదు. వార్తలు, 1974 నుంచి నడుస్తున్న 'పోబల్ ఎ కుమ్' అనే ధారావాహిక బీబీసీ నుంచి వస్తాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చిన్నచిన్న నిర్మాణ సంస్థలు తీస్తాయి. అందువల్ల రచయితలకు, నటులకు, చిత్రకారులకు సొంత భాషలోనే ఉపాధి దొరికింది. ఫ్యాక్టరీలో పనికిరాదని పారేసిన ఎలుగుబంటి బొమ్మ మహాబలశాలి అయ్యే 'సూపర్‌టెడ్' కథ ఇక్కడే వెల్ష్‌లో తెరకెక్కి, తరువాత అనేక దేశాల పిల్లలను అలరించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన ఒక వెల్ష్ కవి జీవితంపై 1992లో తీసిన 'హెడ్ విన్' చిత్రం ఆస్కార్ బహుమతికి పోటీలో నిలిచింది. వెల్ష్ చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

1998లో డిజిటల్ ప్రసారాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ ఛానళ్లకు చోటు ఉంటుంది కనుక ఛానల్ ఫోర్ వేల్స్‌లో కూడా విడిగా అందసాగింది. 2010 మార్చి 31న పాత పద్ధతి ప్రసారాలు వేల్స్‌లో పూర్తిగా ఆగిపోయాయి. నాటి నుంచి ఎస్ ఫోర్ సి పూర్తిగా వెల్ష్ ఛానల్ అయింది. 2018లో దాని ప్రధాన కార్యాలయం రాజధాని కార్డిఫ్ నుంచి, వెల్ష్ మాటలు ఎక్కువగా వినిపించే కార్మార్థెన్ ప్రాంతానికి మారింది.

చూసేవారు తక్కువగా ఉన్న ఛానల్ ప్రకటనల ఆదాయంతోనే నిలవలేదు. అందుకే తొలి నుంచీ దానికి చట్టప్రకారం నిధులు అందుతున్నాయి. మొదట ఐటీవీ కంపెనీలు, తరువాత ప్రభుత్వం ఆ భారం మోశాయి. 2022 నుంచి ఆ నిధులు బ్రిటన్ ప్రజలు కట్టే లైసెన్సు రుసుము నుంచి వస్తున్నాయి. కొద్దిమంది భాష కోసం ఇంత ఖర్చు ఎందుకని అడిగేవారు అక్కడ ఎప్పుడూ ఉన్నారు. తమ భాషలో వార్త వినడం, పాట వినడం, నవ్వుకోవడం తమ హక్కు అని వెల్ష్ వారి సమాధానం.

మరి ఛానల్ భాషను కాపాడిందా? 2001లో వెల్ష్ వచ్చినవారు నూటికి 20.8 మంది. తగ్గుతూ వచ్చిన సంఖ్య కొంత పెరిగింది. బడులలో వెల్ష్ నేర్పడం ఇందుకు ముఖ్య కారణం. కాని 2021 నాటికి అది మళ్లీ 17.8కి, అంటే సుమారు 5 లక్షల 38 వేల మందికి తగ్గింది. దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. టెలివిజన్ భాషకు గౌరవం తెస్తుంది, కొత్త మాటలు ఇస్తుంది, పిల్లలకు ఆసక్తి కలిగిస్తుంది. కాని పెట్టె మాట్లాడితే చాలదు. దాని ముందు కూర్చున్న తల్లీ బిడ్డా కూడా ఆ భాషలో మాట్లాడుకోవాలి. అప్పుడే ఆ భాష మరో తరానికి అందుతుంది.

ప్రశ్నలు

1. నాలుగో ఛానల్‌ను వెల్ష్ భాషకు ఇస్తే ఇరుపక్షాల సమస్యా తీరుతుందని ఎందుకు భావించారు?
2. ప్రభుత్వం తన నిర్ణయాన్ని మార్చుకోవడానికి దారితీసిన సంఘటనలను వివరించండి.
3. "పెట్టె మాట్లాడితే చాలదు." ఈ మాటను మీ ఇంటి భాషకు అన్వయించి పది వాక్యాలు రాయండి.