'వెజిటేబుల్' కాదు, 'వెజ్‌టబుల్': ఫోన్‌లోనే ఉచ్చారణ సరిచూసుకోవడం ఎలా?

మాది పెనుకొండ. బీటెక్ అయ్యాక బెంగళూరులో జాబ్. చేరిన కొత్తలో ఒక విదేశీ క్లయింట్‌కి గ్రోసరీ యాప్ డెమో ఇస్తూ 'వెజిటేబుల్స్' అన్నాను. అవతలి ఆయన రెండుసార్లు 'సారీ?' అన్నాడు. చివరికి స్క్రీన్ మీద టమోటా బొమ్మ చూపించాల్సి వచ్చింది. తర్వాతి డెమో వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

తప్పు ఎక్కడంటే, తెలుగులో రాసిందంతా పలుకుతాం. ఈ ఇంగ్లిష్ మాట స్పెల్లింగ్‌లో చివర 'టేబుల్' కనిపిస్తుంది కానీ వినిపించదు. బలమంతా మొదటి 'వెజ్' మీదే, మిగతాది తేలిగ్గా 'టబుల్'. మొత్తం 3 ముక్కలు: వెజ్-ట-బుల్. మధ్యలో చిన్న అచ్చు చేర్చి 4 ముక్కలుగా పలికే రూపం కూడా డిక్షనరీల్లో ఉంది. కాబట్టి అసలు తంటా 'టేబుల్' తోనే. హోటల్లో 'వెజ్ బిర్యానీ' అంటాం కదా, ఆ వెజ్‌తోనే మొదలుపెట్టండి. 'కంఫర్టబుల్' దీ ఇదే కథ, అందులోనూ టేబుల్ లేదు.

కియా ఫ్యాక్టరీ వచ్చాక మా ఊరి వైపు కొరియా వాళ్లు కూడా ఉంటున్నారు. వాళ్ల లిపిలో ఈ మాట 'బె-జి-తొ-బుల్'. అంటే ఈ ఇబ్బంది మనకొక్కరికే కాదు!

ఇప్పుడు అసలు విషయం. నేను మొదట గూగుల్ వాయిస్ టైపింగ్‌లో 'వెజిటేబుల్' అని చూశా. స్పెల్లింగ్ కరెక్ట్‌గా పడింది, హమ్మయ్య అనుకున్నా. కానీ దాని పని మన ఉచ్చారణ దిద్దడం కాదు. మనం ఏ మాట అని ఉంటామో, పక్క మాటల్ని కూడా చూసి ఊహిస్తుంది. తప్పుగా పలికినా సర్దేసుకుంటుంది. క్లయింట్ అలా సర్దుకోడు.

అందుకే గూగుల్ సెర్చ్‌లో ఇంగ్లిష్‌లో 'హౌ టు ప్రొనౌన్స్ వెజిటబుల్' అని టైప్ చేయండి. ఒక బాక్స్ వస్తుంది. స్పీకర్ గుర్తు నొక్కితే వినిపిస్తుంది, 'స్లో' ఆన్ చేస్తే నెమ్మదిగా. 2019 నవంబర్‌లో దీనికి 'ప్రాక్టీస్' ఆప్షన్ కూడా తెచ్చారు. మైక్‌లో పలికితే ఏ ముక్క తేడాగా ఉందో చెబుతుంది. అది మీ ఫోన్‌లో కనిపించకపోతే, వాయిస్ రికార్డర్‌లో మీ గొంతు రికార్డ్ చేసి, గూగుల్ గొంతుతో పక్కపక్కన వినండి. నాకైతే ఇదే బాగా పనిచేసింది.

ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటే మా అమ్మ, "కూరగాయలు అంటే సరిపోదా నాయనా?" అంది. మార్కెట్లో సరిపోతుందమ్మా, డెమోలోనే కుదరదు!