రోమన్ నాణెమా? పోత బిళ్లా?

నల్లరేగడి చేలో లోతు దుక్కి దున్నినప్పుడో, గట్టి వాన పడి గట్టు కోసుకుపోయినప్పుడో పచ్చటి చిలుము పట్టిన బిళ్ల ఒకటి బయటపడుతుంది. సాయంత్రానికల్లా దాని ఫొటో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. ఒకవైపు మనిషి తల కనిపిస్తే చాలు, 'రోమన్ నాణెం' అనేస్తారు. మర్నాటికి లక్షల్లో ధర కూడా కట్టేస్తారు. ఇంతకీ అది అసలైనదేనా? ఆ మాట తేల్చడం ఒక విద్య. దాని పేరు నాణేల శాస్త్రం. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు అది ఉపాధి దారి కూడా.

మన నేలలో దొరికినవేంటి?

గుంటూరు, ప్రకాశం వైపు రోమన్ నాణేలు దొరకడం కట్టుకథ కాదు. వినుకొండలో బ్రిటిష్ వాళ్ల కాలంలోనే రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటిలో టైబీరియస్ నుంచి కారకల్లా దాకా చక్రవర్తుల బొమ్మలున్నాయి. నాగార్జునకొండ తవ్వకాల్లోనూ టైబీరియస్ బంగారు నాణెం, ఫాస్టినా రాణి బంగారు నాణెం దొరికాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1500కు పైగా వెండి నాణేలు కుండల్లో దొరికాయి. పరమేశ్వరీలాల్ గుప్తా అనే పండితుడు ఇలాంటివన్నీ ఒకచోట చేర్చి రాసిన పుస్తకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1965లో ప్రచురించింది.

ఒక్క సంగతి గమనించండి. ఇవన్నీ బంగారం, వెండి. రోమన్ వ్యాపారి మన సరుకుకు ఇచ్చింది విలువైన లోహమే. చివరి రోజుల, అంటే క్రీ.శ. 4, 5 శతాబ్దాల చిన్న చిన్న రోమన్ కంచు నాణేలు ఎక్కువగా దొరికింది తమిళనాడులోని కరూర్, మదురై ప్రాంతాల్లో, శ్రీలంకలో. అందుకే మన మిరప చేలో రోమన్ కంచు నాణెం దొరికిందంటే నిపుణుడు ముందు అనుమానంగానే చూస్తాడు. దొరకదని కాదు. కానీ ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ ఉన్నవి వేరే: ఏనుగు, ఓడ బొమ్మలున్న శాతవాహనుల సీసం నాణేలు, ఇక్ష్వాకుల సీసం బిళ్లలు, డచ్చి కంపెనీ రాగి డబ్బులు, ఈస్టిండియా కంపెనీ పైసలు. వాటిని 'రోమన్ కాదు కదా' అని పారేయడం మన అన్యాయం. శాతవాహనుల సీసం బిళ్ల మన చరిత్రకు ఏ రోమన్ నాణేనికీ తీసిపోదు.

పరీక్ష ఎలా చేస్తారు?

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాళ్లు కాయ రంగు చూస్తారు, తొడిమ చూస్తారు, చేత్తో నలిపి తేమ ఎంతుందో చెప్పేస్తారు. ఏదో ఒక్క గుర్తు చూసి ధర కట్టరు. నాణెమూ అంతే. తూకం, అంచు, అక్షరం, చిలుము, దొరికిన చోటు... అన్నీ ఒకే మాట చెప్పాలి.

ముందు తూకం. ఒకటో శతాబ్దపు పెద్ద నాణెం సెస్టెర్షియస్ దాదాపు 25 గ్రాములు తూగుతుంది. 'ఆస్' అనే రాగి నాణెం మన పది రూపాయల బిళ్లంత వెడల్పే. కానీ మన బిళ్ల 7.71 గ్రాములైతే అది 11 గ్రాముల దాకా ఉంటుంది. చివరి కాలపు చిన్న నాణేలు ఒకటి నుంచి మూడు గ్రాములే. నగల కొట్లో వాడే డిజిటల్ త్రాసు, వాచీ రిపేరు చేసే వాళ్ల దగ్గరుండే పదింతలు పెద్దగా చూపే అద్దం ఉంటే మొదటి వడపోత అయిపోతుంది.

తర్వాత అంచు. రోమన్లు లోహపు బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అందుకే అసలు నాణెం అంచున చిన్న పగుళ్లుంటాయి, బొమ్మ ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఇప్పటి నకిలీల్లో చాలావరకు పోత పోసినవి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట అంచు చుట్టూ గీత, లేదా ఆ గీతను ఆకురాయితో అరగదీసిన గుర్తు కనిపిస్తుంది. పైన సూదిమొనలంత గుంటలు, సబ్బు అరిగినట్టు మెత్తబడ్డ అక్షరాలు ఉంటాయి. అయితే ఈ సూత్రాన్ని అన్నిటికీ వర్తింపజేయకండి. మన శాతవాహనుల పోటిన్ నాణేల్లో పోత పోసినవీ ఉన్నాయి.

అక్షరాలూ దొంగను పట్టిస్తాయి. ఆ రోజుల్లో నాణేల మీద లాటిన్‌లో 'యు' అక్షరం ఉండదు, దాని బదులు 'వి' చెక్కేవారు. గుండ్రటి 'యు' కనిపించిందా, ఇక అద్దం పక్కన పెట్టేయొచ్చు. ఒకే చోట గాటు, ఒకే చోట అరుగు ఉన్న నాణేలు రెండు ఎదురైనా అంతే. వేర్వేరు చేతులు మారి అరిగిన నాణేలు కవల పిల్లల్లా ఉండవు.

చిలుము సంగతి కాస్త కష్టం. వందల ఏళ్లు నేలలో ఉన్న పచ్చదనం లోహంలోకి పాకి ఉంటుంది, దాని కింద ఎర్రటి పొర ఉంటుంది. పూసిన రంగైతే ల్యాబ్‌లో ఎసిటోన్ తగలగానే ఊడొస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో బెకర్ అనే జర్మన్ మోసగాడు కొత్తగా కొట్టిన నకిలీలను ఇనుప రజనుతో కలిపి పెట్టెలో వేసి, గుర్రపు బండి ఇరుసుకు కట్టి తిప్పేవాడట. ఆ కుదుపులకు అవి పాతవాటిలా అరిగేవి! లోహంలో ఏమేం కలిశాయో ఎక్స్‌రే పరికరంతో చూడొచ్చు కానీ అది పై పొర వరకే చెబుతుంది. 'జింకు ఉంది కాబట్టి నకిలీ' అనడమూ తప్పే. సెస్టెర్షియస్ అసలు ఇత్తడిదే.

ఇంకో చిక్కుంది. రోమన్లు చేయనిదల్లా నిన్నమొన్నటి మోసం కాదు. మన దేశంలోనే ఆ కాలంలో రోమన్ నాణేలను అనుకరించారు. మెదక్ వైపు కొండాపూర్‌లో రోమన్ నాణెం అచ్చుతో చేసిన మట్టి పతకాలు దొరికాయి. మెళ్లో వేసుకోవడానికి కాబోలు. అవి 'నకిలీ' అయినా మ్యూజియంలో ఉండాల్సిన నకిలీలు. అందుకే అసలా, నకిలీనా అనే ప్రశ్నకు దొరికిన చోటు అంత ముఖ్యం. ఏ పొలం, ఎంత లోతు, పక్కన కుండ పెంకులున్నాయా, ఇటుకలున్నాయా అన్నది తెలియకపోతే నాణెం సగం మూగదైపోతుంది.

చింతపండు వద్దు

రాగి చెంబు తోమినట్టు చింతపండుతోనో, నిమ్మచెక్కతోనో తోమితే ఆ ఆధారమంతా కాలవలో కలిసిపోతుంది. దొరికింది దొరికినట్టు కాగితంలో చుట్టి, చోటును ఫోన్‌లో గుర్తు పెట్టుకుని, రెండు వైపులా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి.

తర్వాతిది చట్టం పని. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగిన, పది రూపాయల విలువ దాటిన దేన్నైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇస్తుంది. రాగి బిళ్లకు ఆ లెక్కన టీ ఖర్చు కూడా రాదు, అది నిజమే. ఇక 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలను లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. 'రైస్ పుల్లింగ్' పేరుతోనో, 'కొంటాం, ముందు ఫీజు కట్టండి' అంటూనో ఫోన్ చేసేవాళ్లను నమ్మకండి. పాత నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, తన పేరు చెప్పి కమిషన్ అడిగేవాళ్లతో జాగ్రత్తని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది.

ఏం చదవాలి?

డిగ్రీలో చరిత్ర, ఆ పైన ప్రాచీన చరిత్ర లేదా పురావస్తు శాస్త్రంలో ఎంఏ. మన దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, పుణెలో డెక్కన్ కాలేజీ ఉన్నాయి. పీజీ తర్వాత గ్రేటర్ నోయిడాలో కేంద్ర పురావస్తు శాఖ నడిపే పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ సంస్థలో రెండేళ్ల డిప్లొమా చేయొచ్చు, సీట్లు మాత్రం తక్కువ. నాణేలే ప్రాణమనుకునేవాళ్లు నాసిక్ దగ్గర అంజనేరిలోని నాణేల పరిశోధన సంస్థ గురించి తెలుసుకోవాలి. దాని వెనకున్నదీ పైన చెప్పిన గుప్తానే.

ఉద్యోగాలు కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖల్లో, మ్యూజియాల్లో, పెద్ద నగరాల్లోని నాణేల వేలం సంస్థల్లో ఉంటాయి. ఏటా నోటిఫికేషన్ పడే రంగం కాదిది. కాబట్టి నెట్ పరీక్షనో, బీఈడీనో పక్కన పెట్టుకుని రండి. బ్రాహ్మీ లిపి మాత్రం డిగ్రీలోనే మొదలుపెట్టొచ్చు, దానికి నోటిఫికేషన్ అక్కర్లేదు. ఒకప్పుడు గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి ఇక్కడి పాత నాణేలు చాలావరకు మద్రాసు మ్యూజియానికి చేరేవి. చెన్నై వెళ్తే ఎగ్మూరులోని ఆ మ్యూజియంలో ఒక పూట గడపండి. ఫొటోల్లో వంద చూసినా, అసలు నాణెం అంచు ఎలా ఉంటుందో అద్దం అవతలి నుంచైనా కళ్లారా చూస్తేనే తెలుస్తుంది.