కండరాల భాష – యంత్రానికి అక్షరాభ్యాసం

కూచిపూడి నర్తకి ముష్టిహస్తం పట్టగానే ప్రేక్షకుడు వేళ్ళను చూసి దానిని గుర్తిస్తాడు. అయితే ఆ వేళ్ళను ముడిచే, చాచే ప్రధాన కండరాలు ఉండేది ముంజేతిలో. అందువల్ల వేళ్ళను చూడకుండానే, ముంజేతికి కట్టిన పట్టీతో ముద్రను గ్రహించవచ్చు. ఈ సూత్రంపై కెనడాలో రూపొందిన పరికరమే ‘మయో’. వాటర్లూ విశ్వవిద్యాలయంలో చదివిన స్టీఫెన్ లేక్, మాథ్యూ బెయిలీ, ఆరన్ గ్రాంట్ 2012లో థాల్మిక్ ల్యాబ్స్ సంస్థను స్థాపించి, 2013లో దీనిని ప్రకటించారు.

మెదడు ఆజ్ఞ నాడి చివరకు చేరగానే అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. తత్ఫలితంగా సోడియం అయాన్లు కండరకణంలోకి ప్రవేశిస్తాయి. పిదప పొటాషియం అయాన్లు వెలుపలికి వస్తాయి. ఈ రాకపోకల వల్ల పుట్టిన విద్యుత్ స్పందన చర్మం మీద కొన్ని మిల్లీవోల్టులకు మించదు. పట్టీలోని 8 గ్రాహకాలు దానిని సెకనుకు 200 సార్లు కొలుస్తాయి. చేతి కదలికను, దిశను కొలిచే సాధనాలు వేరుగా ఉంటాయి.

పిడికిలి బిగించడం, వేళ్ళు చాచడం వంటి 5 ముద్రలను మయో ముందే నేర్చుకొని వచ్చింది. క్రొత్త ముద్రను నేర్పాలంటే దానిని అనేక పర్యాయాలు పట్టి చూపాలి. విశ్రాంతిగా ఉన్న చేతిని కూడా చూపాలి. లేనిచో ఊరక ఉన్న చేయి సైతం యంత్రానికి ఏదో ఒక ముద్రగానే తోస్తుంది. సెకనులో ఐదవ వంతు కాలాన్ని ఒక తునకగా తీసుకుంటే 320 అంకెలు లభిస్తాయి. స్పందన సగటు పరిమాణం, అది సున్నాను దాటిన పర్యాయాలు, వాలు మారిన పర్యాయాలు, తరంగం మొత్తం పొడవు – ఈ నాలుగింటిని ఒక్కొక్క గ్రాహకానికి లెక్కిస్తే అవి 32 అంకెలకు కుదించబడతాయి. క్రొత్తగా వచ్చిన 32 అంకెలు ఏ ముద్రకు సమీపంగా ఉన్నాయో కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఈ నాలుగు లక్షణాల పద్ధతిని న్యూ బ్రన్స్‌విక్ విశ్వవిద్యాలయానికి చెందిన హజిన్స్, పార్కర్, స్కాట్ 1993లోనే కృత్రిమహస్తాల కోసం ప్రతిపాదించారు.

మణికట్టుకు పైన చేయి తెగినా ముంజేతి కండరాలు కొంతవరకు మిగిలే ఉంటాయి. లేని పిడికిలిని బిగించబోయినప్పుడు అవి స్పందిస్తాయి. ఆ స్పందనతో కృత్రిమహస్తం వేళ్ళు ముడవగలదు. చిక్కంతా నేర్చిన పాఠం నిలవకపోవడంలోనే ఉంది. పట్టీ కొంచెం తిరిగితే ఒక కండరం స్పందన పక్క గ్రాహకానికి చేరుతుంది. చెమట చర్మపు విద్యుత్ నిరోధాన్ని మారుస్తుంది. అలసట తరంగాన్నే మారుస్తుంది. ఒకరి చేతితో నేర్చినది మరొకరికి నేరుగా పనికిరాదు. సాయంత్రం గ్లాసు పట్టుకున్న హస్తం పొరపాటున తెరుచుకుంటే నష్టపోయేది దానిని ధరించిన మనిషే.

అనేకుల స్పందనలతో యంత్రానికి ముందుగా సాధారణజ్ఞానం కలిగించి, ఆపై ధరించేవారి కొద్దిపాటి ఉదాహరణలతో సరిదిద్దడం ఒక ఉపాయం. క్విబెక్‌లోని లవాల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మయోతోనే దీనిని పరీక్షించి, 17 మందిపై 7 ముద్రలకు 98.31 శాతం కచ్చితత్వం సాధించినట్లు 2019లో ప్రకటించారు. అప్పటికే, 2018లో, మయో విక్రయం నిలిచిపోయింది. 2025లో మెటా సంస్థ ఇదే సూత్రంతో మణికట్టు పట్టీని విడుదల చేసింది.

పరికరాలు వస్తాయి, పోతాయి. చేయి కోల్పోయిన వ్యక్తి ప్రతి ఉదయం పాఠాన్ని మొదటినుంచి నేర్పవలసిన అవసరం తప్పిననాడే ఈ పరిశ్రమకు సార్థకత.