దీవిలో తొలిపొద్దు, దోసిట అర్ఘ్యం

భారతదేశమంతటికీ గడియారం ఒక్కటే. సూర్యోదయం మాత్రం ఒక్కటి కాదు. 1906లో అమలులోకి వచ్చిన మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపంగా సాగిపోతుంది. 2024 వరకు పోర్ట్‌బ్లెయిర్‌గా వ్యవహరింపబడిన శ్రీవిజయపురం ఆ రేఖకు పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన, అక్కడి పొద్దు గడియారం కన్న ఇంచుమించు 41 నిమిషాలు ముందు నడుస్తుంది. జూన్ నెలలో అయిదు గంటలు కొట్టకముందే సూర్యుడు ఉదయిస్తాడు.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వెళ్ళినవారు వారిలో ఎందరో. స్వస్థలపు పంచాంగాన్ని నమ్మి సూర్యునికి అర్ఘ్యమివ్వదలచిన వారికి ఆ నిమిషాల తేడా చిన్నది కాదు.

అర్ఘ్యప్రదానం సులభమైన విధి. తూర్పుముఖంగా నిలిచి, దోసిట నీరు పట్టి, గాయత్రీ మంత్రం ఉచ్చరిస్తూ మూడుమార్లు విడవాలి. ఇరువదినాలుగు అక్షరాల ఆ మంత్రం ఋగ్వేద తృతీయ మండలంలోనిది. దాని ద్రష్ట విశ్వామిత్రుడు, దేవత సవిత. ఉపనయనం లేనివారు పౌరాణిక శ్లోకాలతోనో, సూర్యనామాలతోనో అర్ఘ్యమిస్తారు. ఆ నీటి మహిమను తైత్తిరీయారణ్యకం ఒక కథగా చెప్పింది. మందేహులనే రాక్షసులు సూర్యునితో పోరాడుతారట. మంత్రపూతమైన జలం వజ్రమై వారిని ఒక దీవిలోకి విసిరివేస్తుందట.

దుష్టులను దీవికి తరిమే ఊహ పురాతనమైనది. ఆంగ్ల ప్రభుత్వం మాత్రం తనను ఎదిరించినవారిని అక్కడికి పంపింది. 1857 తిరుగుబాటు అనంతరం, 1858 మార్చి 10న రెండువందల మంది ఖైదీలతో తొలి ఓడ అండమాన్ చేరింది. సముద్రయానాన్ని బౌధాయన ధర్మసూత్రం పాతకాలలో చేర్చింది. కనుక నల్లనీటిని దాటించడమంటే శిక్షతోపాటు ఆచారభ్రష్టత కూడా. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో ఖైదీల యజ్ఞోపవీతాలను తీసివేయించేవారు. బర్మాలో విప్లవ కుట్ర కేసులో శిక్షపడి వచ్చిన పంజాబీ దేశభక్తుడు రామరక్ష ఇందుకు ఒప్పుకోలేదు. జందెం లేనిదే అన్నం ముట్టనని నిరాహారదీక్ష పూనాడు. ఆ జైలులోనే ప్రాణం విడిచాడు. సముద్రం దాటినంత మాత్రాన సంధ్య దూరం కాదని ఆయన మరణం సాక్ష్యం పలికింది.

నేడు ఆ దీవులలో జందెం తెంచేవారు లేరు. సముద్రం దాటివచ్చావని వెలివేసేవారూ లేరు. మిగిలినది కాలనిర్ణయం ఒక్కటే. దానికి శాస్త్రం ఏనాడో సమాధానం చెప్పింది. ప్రాతఃసంధ్య నక్షత్రాలు కనిపిస్తుండగా ఆరంభిస్తే ఉత్తమం, అవి మాసిపోయాక మధ్యమం, సూర్యుడు ఉదయించాక అధమం. ఇందులో గంటల ప్రసక్తి లేదు. నిలిచిన చోటి ఆకాశమే ప్రమాణం. వేళ మించినవారికి సైతం ద్వారం మూయలేదు. ప్రాయశ్చిత్తంగా మరొక అర్ఘ్యం విధించారు, అంతే.

తిథి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. రథసప్తమి తరచుగా వచ్చే ఫిబ్రవరి తొలిదినాలలో సూర్యోదయం శ్రీకాకుళంలో సుమారు 6.25కు, శ్రీవిజయపురంలో సుమారు 5.45కు. ఒక తిథి ఉదయం ఆరు గంటలకు ముగిసిందనుకోండి. దీవిలో సూర్యోదయానికి ఆ తిథి ఉన్నది, శ్రీకాకుళంలో లేదు. ఉదయతిథిని పాటించే వ్రతం రెండుచోట్ల రెండు దినాలలో పడవచ్చు. అందువలన దీవివాసి పంచాంగంలో తిథి ముగిసే వేళను యథాతథంగా తీసుకోవచ్చు గాని, సూర్యోదయాన్ని తన ఊరికి గణించుకోవాలి. ఆ లెక్క తెలియనివారు తెల్లవారకముందే లేచి తూర్పువైపు చూస్తే చాలు.